పాటకు అప్పగించిన పని: షెర్మన్ సోదరుల సినిమా సంగీతం, పార్కు సంగీతం

సినిమా పాట వినేవాడు కుర్చీలో కదలకుండా కూర్చుంటాడు, కథే అతని ముందు కదులుతుంది. థీమ్ పార్కులో ఇది తలకిందులవుతుంది. బొమ్మలు, గోడలు, దీపాలు ఉన్నచోటనే ఉంటాయి, వినేవాడే పడవలోనో బండిలోనో వాటి మధ్య నుంచి సాగిపోతాడు. పాట అతను వచ్చేసరికే మొదలై ఉంటుంది, అతను వెళ్లిపోయిన తర్వాతా సాగుతూనే ఉంటుంది. అతని వెనక పడవలో ఉన్నవారు అదే క్షణంలో అదే పాటలోని వేరే భాగాన్ని వింటుంటారు. మొదలు, నడుమ, తుది అనే వరుసను నమ్ముకుని పాట రాసేవారికి ఇది ఇబ్బందికరమైన పరిస్థితి. ఈ రెండు రకాల పాటలనూ ఒకే దశాబ్దంలో, ఒకే స్టూడియోలో, ఒకే పియానో దగ్గర కూర్చుని రాసి, రెండింటిలోనూ నిలిచిన జంట రాబర్ట్ షెర్మన్ (1925–2012), రిచర్డ్ షెర్మన్ (1928–2024). వీరి పాటలను సాధారణంగా తీపి అనో, పిల్లల పాటలు అనో ఒక్క మాటతో తేల్చేస్తారు. ఒక్కో పాటకు ఏ పని అప్పగించారో, ఆ పనిని అది ఏ ఉపాయంతో నెరవేర్చిందో చూస్తే వీరి ప్రతిభ ఎక్కడుందో బాగా తెలుస్తుంది.

అన్నదమ్ములిద్దరూ న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి ఆల్ షెర్మన్ రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదు కుటుంబానికి చెందినవాడు. 1920లు, 30లలో అమెరికా జనాదరణ గీతాలకు కేంద్రమైన టిన్ పాన్ ఆలీలో పేరున్న పాటల రచయిత. కుటుంబం 1937లో కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్స్‌కు మారింది. రాబర్ట్ రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేశాడు. నాజీల డాఖావ్ నిర్బంధ శిబిరంలోకి మొదట అడుగుపెట్టిన అమెరికన్ సైనికుల్లో అతనూ ఒకడని చెబుతారు. 1945లో మోకాలికి తూటా తగలడంతో ఆ తర్వాత జీవితాంతం చేతికర్ర సాయంతోనే నడిచాడు. యుద్ధం ముగిశాక అతను నవలాకారుడు కావాలనుకున్నాడు. రిచర్డ్ శాస్త్రీయ సంగీత స్వరకర్త కావాలని కలలుగన్నాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటూ ఎవరి గొప్ప రచన వారు చేసుకుంటూ, అద్దెకు తండ్రి మీద ఆధారపడుతున్న రోజుల్లో, ఎవరైనా తమ తిండి డబ్బు ఖర్చుపెట్టి కొనుక్కునేంత మంచి పాటను ఇద్దరూ కలిసి ఒక్కటైనా రాయగలరా అని తండ్రి సవాలు విసిరాడు. ఆ సవాలుకు జవాబుగా వచ్చిన పాటను 1951లో కౌబాయ్ గాయకుడు జీన్ ఆట్రీ రికార్డు చేశాడు. పాట సరళంగా ఉండాలి, ఎవరైనా పాడుకునేలా ఉండాలి, అందులో నిజాయితీ ఉండాలి అని తండ్రి నేర్పిన పాఠాన్ని రిచర్డ్ చివరి దాకా చెబుతూనే ఉన్నాడు.

ఈ జంటలో మాటలు ఒకరివి, బాణీ ఇంకొకరిది అని గీత గీయడం కుదరదు. పియానో ముందు కూర్చునేది ఎక్కువగా రిచర్డ్. మాటల్లోనూ ఆలోచనలోనూ రాబర్ట్ పాలు ఎక్కువని తెలిసినవారు చెబుతారు. అయినా ప్రతి పాట మీదా రెండు పేర్లూ రెండు హోదాల్లోనూ ఉంటాయి. సంగీత దర్శకుడు ముందు బాణీ కట్టి, గీత రచయిత దానికి మాటలు అల్లే పద్ధతికి అలవాటుపడిన తెలుగు సినిమా పాఠకులకు ఈ తేడా ముఖ్యమైనది. రాజ్-కోటి వంటి ప్రసిద్ధ జంట కూడా సంగీతం వరకే జంట. మాటల కోసం వేరొకరి దగ్గరకు వెళ్లవలసిందే. షెర్మన్ సోదరుల దగ్గర మాటా స్వరమూ ఒకే సంభాషణలో పుట్టేవి కాబట్టి, ఏ అక్షరం మీద స్వరం ఎగరాలి, ఏ అక్షరం దగ్గర ఆగాలి అన్నది పాట పుట్టుకలోనే తేలిపోయేది. వీరి పాటలను ఒక్కసారి విన్న పిల్లవాడు కూడా తప్పు లేకుండా పాడగలగడానికి ఒక కారణం అది.

1950ల చివర్లో డిస్నీ టీవీ కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న అనెట్ ఫ్యూనిచెలో పాడిన 'టాల్ పాల్' అమెరికా హిట్ జాబితాలో పైకి ఎక్కడంతో డిస్నీ స్టూడియో అధిపతి వాల్ట్ డిస్నీ దృష్టి వీరి మీద పడింది. అనెట్ గొంతుకు పరిధి చిన్నది. ఆ గొంతు దాటలేని స్వరాల జోలికి పోకుండా, ఉన్న పరిధిలోనే హుషారు పుట్టించేలా వీరు పాటలు కట్టారు. 1960లో డిస్నీ వీరిని స్టూడియో జీతగాళ్లుగా చేర్చుకున్నాడు. బయట నుంచి ఒక్కో సినిమాకు పిలిపించుకునే రచయితలకు లేని వసతి ఇక్కడ వీరికి దక్కింది. సినిమా కథ ఇంకా కాగితం మీద బొమ్మలుగా ఉన్న దశలోనే వీరు ఆ గదిలో ఉండేవారు.

'మేరీ పాపిన్స్' (1964) సినిమా విషయంలో ఈ వసతి ఎంత పనిచేసిందో స్పష్టంగా కనిపిస్తుంది. పి.ఎల్. ట్రావర్స్ 1934లో ప్రచురించిన మూల పుస్తకంలో కథ అనదగ్గది లేదు. ఆయా ఇంటికి వస్తుంది, ఒక్కో అధ్యాయంలో ఒక్కో వింత జరుగుతుంది, చివరికి గాలి మారగానే వెళ్లిపోతుంది. ఆమె ఎందుకు రావలసి వచ్చింది అన్న ప్రశ్నకు సినిమాలో జవాబు కావాలి. పుస్తకంలో తమకు నచ్చిన ఆరు అధ్యాయాలకు గీతలు పెట్టుకుని వెళితే, డిస్నీ తన ప్రతిలోనూ అవే అధ్యాయాలు గుర్తుపెట్టుకుని ఉన్నాడని రిచర్డ్ తర్వాత పలుమార్లు చెప్పాడు. కథారచయిత డాన్ డగ్రాడితో కలిసి వీరు చేసిన ముఖ్యమైన పని కుటుంబంలో ఒక లోటును కల్పించడం. తండ్రికి బ్యాంకు తప్ప వేరే లోకం లేదు, తల్లి మహిళల ఓటుహక్కు ఉద్యమంలో తీరిక లేకుండా ఉంటుంది, పిల్లలు ఆయాల చేతులు మారుతుంటారు. పుస్తకంలోని 1930లను వదిలి కథను 1910కి జరిపింది కూడా సంగీతం కోసమే అనడం అతిశయోక్తి కాదు. ఆ కాలం లండన్ మ్యూజిక్ హాళ్లలో వినిపించే జనం పాటల ధోరణి ఈ అన్నదమ్ముల సహజ స్వభావానికి దగ్గరిది. కాలం మారడంతో తల్లికి ఉద్యమమూ, ఉద్యమానికి ఒక పాటా దొరికాయి. ట్రావర్స్‌కు ఈ మార్పులు ఏవీ నచ్చలేదు. 1961లో స్టూడియోలో జరిగిన చర్చల టేపుల్లో ఆమె అభ్యంతరాలు ఇప్పటికీ వినవచ్చు. పుస్తకం వైపు నిలబడి చూస్తే ఆమె కోపంలో న్యాయం ఉంది. పుస్తకంలోని మేరీ పాపిన్స్ కటువైన మనిషి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. సినిమా ఆమెకు ఒక ప్రయోజనాన్ని అంటగట్టి, ఆ కటుత్వంలో చాలా భాగాన్ని కరిగించింది.

ఆ సినిమాలో చక్కెర పాట ('ఎ స్పూన్‌ఫుల్ ఆఫ్ షుగర్') కథ చాలామందికి తెలిసిందే అయినా, దాని కట్టుబడి గురించి చెప్పుకోవలసింది ఉంది. మేరీ పాపిన్స్‌గా నటించిన జూలీ ఆండ్రూస్ కోసం ముందు రాసిన భావగీతం ఆమెకు నచ్చలేదు. ఇంకా చురుకైనది కావాలంది. అదే సమయంలో రాబర్ట్ కొడుకుకు బడిలో పోలియో మందు వేశారు. సూది గుచ్చారా అని తండ్రి అడిగితే, చక్కెర ముక్క మీద చుక్క వేసి ఇచ్చారని పిల్లవాడు చెప్పాడు. తెలుగునాట తరాల పిల్లలు నాలుక మీద వేయించుకున్న పోలియో చుక్కలకు మూలం ఆ నోటి మందే. అప్పట్లో అమెరికాలో దాన్ని చక్కెరతో ఇచ్చేవారు. అలా పాటకు వస్తువు దొరికింది. మందు గొంతులో కిందికి దిగుతుందని చెప్పే చోట స్వరం మాత్రం పైకి దూకుతుంది. మాట దిగమంటుంటే బాణీ ఎక్కడం వల్ల, ఇష్టం లేని పని తేలికైపోవడమన్న భావం పాడేవారి గొంతులోనే జరుగుతుంది. మామూలు రచయిత ఆ మాట దగ్గర స్వరాన్ని దింపి ఊరుకునేవాడు.

ఇంతకన్నా సూక్ష్మమైన పని తండ్రి పాత్ర పాటలో ఉంది. బ్యాంకు ఉద్యోగి జార్జ్ బ్యాంక్స్ మొదటిసారి ఇంట్లోకి వస్తూ తన జీవితం ఎంత క్రమంగా నడుస్తోందో కవాతు లాంటి లయలో గొప్పగా చెప్పుకుంటాడు. మాటలు గడియారం ముల్లులా పడతాయి. కొంతసేపటికి ఇంటి క్రమం తప్పుతున్నదని చిరాకుతో అదే బాణీ ఎత్తుకుంటాడు. ఈసారి మేరీ పాపిన్స్ అదే బాణీని అందుకుని, అతని తర్కాన్నే తిప్పి, పిల్లలను బ్యాంకుకు తీసుకెళ్లే ఆలోచన అతనిదే అనిపించేలా చేస్తుంది. ఉద్యోగం పోయే రాత్రి, చిమ్నీలు తుడిచే బర్ట్ ముందు కూర్చుని అతను మూడోసారి పాడేటప్పుడు బాణీ అదే, నడక మాత్రం కుంగిపోయి ఉంటుంది. ఆ సంభాషణలో బర్ట్ జవాబు చక్కెర పాట బాణీలో వస్తుంది. అంటే మేరీ పాపిన్స్ అక్కడ లేకుండానే ఆమె వాదన వినిపిస్తుంది. పద్యనాటకం నుంచి ఎదిగిన తెలుగు సినిమాను చూసినవారికి పాట కథను నడిపించడం కొత్త కాదు. ఒకే బాణీ ఒక మనిషి పతనాన్ని ఇంత స్పష్టంగా కొలవడం మాత్రం ఎక్కడైనా అరుదే. ఈ సినిమాను పిల్లల సినిమా అని పిలిచేవారు గమనించని సంగతి ఒకటుంది. సంగీతపరంగా ఇందులో మారే పాత్ర తండ్రి ఒక్కడే. పిల్లలు మొదట్లో ఎలా ఉన్నారో చివర్లోనూ దాదాపు అలాగే ఉంటారు.

సెయింట్ పాల్స్ చర్చి మెట్ల మీద పక్షుల గింజలు అమ్మే ముసలమ్మ గురించిన పాట సినిమాకు కేంద్రం. తిస్రగతిలో నెమ్మదిగా, జోలపాటలా సాగే ఈ పాట చిల్లర డబ్బులతో చేయగలిగిన దయ గురించి చెబుతుంది. తండ్రి తన ఉద్యోగం పోగొట్టుకోవడానికి రాత్రివేళ ఒంటరిగా బ్యాంకుకు నడుస్తున్నప్పుడు వాద్యగోష్ఠిలో వినిపించేది ఈ బాణీయే. మాటలు లేకపోయినా ప్రేక్షకుడికి అర్థం తెలుస్తుంది, ఎందుకంటే మాటలు ముందే మనసులో నాటుకుని ఉన్నాయి. ఈ పాట వాల్ట్ డిస్నీకి అన్నిటికన్నా ఇష్టమైనది. శుక్రవారం సాయంత్రాలు అన్నదమ్ములను తన గదికి పిలిపించి వాయించమనేవాడని రిచర్డ్ చెప్పేవాడు. సంగీతాన్ని వాద్యాలకు విస్తరించి నడిపించిన ఇర్విన్ కాస్టల్ పేరు ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. అన్నదమ్ములు ఇచ్చిన బాణీలను సన్నివేశాల కింద దారాల్లా అల్లింది ఆయనే. 1965లో జరిగిన ఆస్కార్ వేడుకలో షెర్మన్ సోదరులకు రెండు బహుమతులు దక్కాయి. ఒకటి సంగీతానికి, రెండోది చిమ్నీలు తుడిచేవాడి పాటకు. ఆ రెండో పాట డగ్రాడి గీసిన ఒక బొమ్మ చూసి పుట్టింది. మైనర్ స్కేల్‌లో, లోపలి స్వరం ఒక్కో మెట్టే జారుతూ ఉండే దాని నడకలో హుషారు పైకి కనిపించినా అడుగున దిగులు ఉంది. ఈ అన్నదమ్ముల పాటల్లో తీపి విసుగు పుట్టించని చోటల్లా ఇటువంటి పుల్లదనం ఏదో ఒకటి కింద దాగి ఉంటుంది.

పార్కు పని దాదాపు అదే సమయంలో మొదలైంది. 1963లో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో యంత్రాలతో కదిలి పాడే పక్షుల గది తెరుచుకుంది. తయారీ దశలో దాన్ని చూసినవారికి చిలుకలు, పువ్వులు, చెక్కిన దేవతలు అన్నీ పాడుతుంటే అదేమిటో అంతుపట్టలేదట. అసలిది ఏమిటో ఒక చిలుకే పాటగా చెబితే సరిపోతుంది కదా అని అన్నదమ్ములు సూచించారు. కరీబియన్ కలిప్సో లయలో వచ్చిన ఆ పాట చేసే పని నాటకంలో సూత్రధారుడి పని. ఇక్కడేం జరుగుతుంది, ఎవరెవరు పాడతారు, ఎలా చూడాలి అన్నది చెప్పడమే. కథ లేని చోట పాటే ఆ జాగాకు అర్థం చెప్పింది. పార్కు పాటకు ఉండవలసిన మొదటి లక్షణాన్ని వీరు ఇక్కడే పట్టుకున్నారు.

రెండో లక్షణం 1964లో తెలిసింది. న్యూయార్క్‌లో ఆ ఏడాది మొదలైన వరల్డ్స్ ఫెయిర్‌కు డిస్నీ బృందం నాలుగు ప్రదర్శనలు తయారుచేసింది. వాటిలో ఒకటి పెప్సీ-కోలా డబ్బుతో, ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ కోసం కట్టిన పడవ ప్రయాణం. చిత్రకారిణి మేరీ బ్లెయిర్ రూపకల్పన చేసిన రంగురంగుల లోకంలో దేశదేశాల పిల్లల బొమ్మలు పాడుతుంటాయి. ఏ దేశం బొమ్మలు ఆ దేశపు జాతీయ గీతం పాడాలన్నది మొదటి ఆలోచన. నమూనాలో అన్ని గీతాలూ ఒకదాని మీద ఒకటి పడి చెవులు చిల్లులు పడే గోలయింది. అన్ని దేశాలకూ సరిపోయే పాట ఒకటే రాయమని డిస్నీ అన్నదమ్ములకు చెప్పాడు. అమెరికా, సోవియట్ యూనియన్‌లను అణుయుద్ధం అంచుకు తెచ్చిన 1962 అక్టోబరు నాటి క్యూబా క్షిపణి సంక్షోభం ఇంకా జనం మనసుల్లో పచ్చిగానే ఉంది. ప్రపంచం చిన్నది, దాన్ని పంచుకోవలసిందే అన్న మాట ఆ భయంలోంచి వచ్చిందని రిచర్డ్ చెప్పాడు. మొదట వీరు దాన్ని నెమ్మదిగా, ప్రార్థనలా రాసి వినిపించారు. ఇంకా హుషారుగా కావాలని డిస్నీ అనడంతో లయ పెరిగింది.

'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' గొప్పతనం దాని భావంలో వెతకడం వృథా. భావం మంచిదే, కొత్తది కాదు. గొప్పతనం కట్టుబడిలో ఉంది. ఈ పాటలో పల్లవి, చరణం రెండూ ఒకే పొడవులో, ఒకే వరుస తీగస్వరాల (కార్డ్స్) మీద నడుస్తాయి. అందువల్ల ఒక గుంపు పల్లవి, ఇంకో గుంపు చరణం ఒకేసారి పాడినా రెండూ కొట్టుకోవు, ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. పడవ ఒక గది నుంచి ఇంకో గదికి జరుగుతున్నప్పుడు వెనక గది పాట వినపడుతూనే ముందు గది పాట చెవిన పడుతుంది. ఒక చోట ఒక భాష, ఇంకో చోట ఇంకో భాష. ఒక చోట పాట, ఇంకో చోట గంటలో డప్పులో. జాతీయ గీతాలతో గోల పుట్టించిన కారణమే ఇక్కడ సామరస్యం పుట్టించింది. పావుగంట దాకా సాగే ప్రయాణంలో ఎక్కడ ఎక్కినా పాటలో ఏదో ఒక భాగం మొదలవుతున్నట్టే ఉంటుంది, ఎక్కడ దిగినా ఏదో తెగిపోయినట్టు అనిపించదు. గుండ్రంగా తిరిగే పాట కాబట్టి దానికి తలుపులు ఎక్కడ పెట్టినా ఒకటే. వరల్డ్స్ ఫెయిర్ ముగిశాక 1966లో ఈ ప్రదర్శన డిస్నీల్యాండ్‌కు చేరింది. 2022లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలో ఈ పాటకు చోటిచ్చింది.

ఈ పాట ఒకసారి తలలో దూరితే రెండు రోజుల దాకా పోదన్న ఫిర్యాదు ప్రపంచమంతటా ఉంది. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లి అనాహైమ్‌లోనో ఆర్లండోలోనో ఆ పడవ ఎక్కి వచ్చిన తెలుగు తల్లిదండ్రులు కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆ ఫిర్యాదు నిజానికి పాట తన పని ఎంత బాగా చేసిందో చెప్పే సాక్ష్యం. ముగింపు లేకుండా కట్టిన పాటను మనసు ముగించలేదు. ఇంతకన్నా బరువైన విమర్శ వేరే ఉంది. బొమ్మలన్నిటికీ దాదాపు ఒకే ముఖం, దేశాల తేడా అంతా బట్టల్లోనూ టోపీల్లోనూ. ఒకే బాణీని అందరికీ తొడిగిన పాట కూడా ఆ దృష్టికే వంతపాడింది. ఏ దేశపు సంగీతమూ ఇందులో తన సొంత గొంతుతో మాట్లాడదు, అమెరికన్ కవాతు పాట ఒకటి వేషాలు మార్చుకుని తిరుగుతుంది. జాతీయ గీతాల గోలను వదిలించుకోవడానికి చెల్లించిన ధర ఇది. రిచర్డ్ చనిపోయే ముందు ఈ పాటకు కొత్తగా ఒక చరణం రాసి పెట్టాడు. డిస్నీల్యాండ్ 70వ ఏట, 2025లో, దాన్ని ప్రయాణం చివర్లో చేర్చారు. అరవై ఏళ్ల తర్వాత అదనపు గది కట్టుకున్నా పాత గోడలు కదలలేదంటే ఆ నిర్మాణం ఎంత గట్టిదో ఊహించవచ్చు.

భారతీయ పాఠకులకు ఈ అన్నదమ్ములు దగ్గరగా వచ్చేది 'ది జంగిల్ బుక్' (1967) ద్వారా. కిప్లింగ్ కథలకు నేపథ్యం మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవులు. మొదట ఆ సినిమాకు టెరీ గిల్కిసన్ రాసిన పాటలు బరువుగా, చీకటిగా ఉన్నాయని డిస్నీ భావించి, ఎలుగుబంటి పాట ఒక్కటి ఉంచుకుని మిగిలినవి షెర్మన్ సోదరులకు అప్పగించాడు. పుస్తకం చదవవద్దని కూడా చెప్పాడు. భయపెట్టే చోటల్లా నవ్వించే పాట పెట్టడమే వీరికి అప్పగించిన పని. కోతుల రాజు పాట న్యూ ఓర్లీన్స్ జాజ్‌లో సాగుతుంది, దాన్ని పాడింది ఆ ధోరణికే పేరుపడ్డ లూయీ ప్రీమా. పాటగా చూస్తే అది వీరి పనిలో అన్నిటికన్నా ప్రాణమున్నది. భారతదేశపు అడవిగా చూస్తే మాత్రం అందులో భారతదేశం ఎక్కడా లేదు. కిప్లింగ్ పుస్తకంలో కోతులకు రాజే లేడు. సినిమాలో రాజైన ఒరంగుటాన్ బోర్నియో, సుమత్రా దీవులు దాటి ఎక్కడా అడవిలో బతకదు. మనిషిలా కావాలని తహతహలాడే ఆ పాత్రకు నల్లవారి సంగీతాన్ని ఇవ్వడం మీద అమెరికాలోనే విమర్శలు వచ్చాయి. 2016లో సినిమాను మళ్లీ తీసినప్పుడు, ఒరంగుటాన్ స్థానంలో అంతరించిపోయిన ఒక మహాకాయ వానరాన్ని పెట్టి, అందుకు తగ్గట్టు పాటలో కొత్త పంక్తులు రాయమని 87 ఏళ్ల రిచర్డ్‌నే అడిగారు. తెలుగులోకీ అనువాదమై వచ్చిన ఆ సినిమాను ఇక్కడి పిల్లలు చాలామంది చూశారు.

పాము పాట సంగతి ఇంకో కోణం చూపిస్తుంది. కొండచిలువ మౌగ్లీని నిద్రపుచ్చుతూ పాడే పాట బాణీ నిజానికి 'మేరీ పాపిన్స్' కోసం కట్టి, ఆ సన్నివేశమే లేకుండా పోవడంతో పక్కన పెట్టినది. అలాగే ఆ సినిమాలో వాడని సముద్రగర్భపు పాట 1971లో 'బెడ్‌నాబ్స్ అండ్ బ్రూమ్‌స్టిక్స్'లో తేలింది. పని పోయిన బాణీకి వేరే పని వెతికిపెట్టడంలో వీరికి మొహమాటం లేదు. ఇడ్లీపిండి మిగిలితే మర్నాడు ఊతప్పం వేసే ఇల్లాలి లెక్క అది. కళ పేరుతో దీన్ని తక్కువ చూడనక్కరలేదు. ఎడారిని తలపించాలని కట్టిన బాణీ పాము మెలికలకు అంతకన్నా బాగా అతికింది.

వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరులో చనిపోయాడు. ఆ తర్వాత అన్నదమ్ములు స్టూడియో ఉద్యోగం వదిలి స్వతంత్రంగా పనిచేశారు. 1968లో జేమ్స్ బాండ్ చిత్రాల నిర్మాత ఆల్బర్ట్ బ్రోకలీకి 'చిట్టీ చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్', 1973లో కార్టూన్ సంస్థ హానా-బార్బెరాకు 'షార్లెట్స్ వెబ్' చేశారు. 1973 నాటి 'టామ్ సాయర్'కు పాటలతోపాటు స్క్రీన్‌ప్లే కూడా వీరిదే. వీటిలో మంచి పాటలకు కొదవ లేదు. అయితే కథ కాగితం దశలో ఉండగానే గదిలో కూర్చుని వాదించే అవకాశం, ఇది కాదు ఇంకా వేగంగా కావాలని తేల్చి చెప్పే ఒక గట్టి శ్రోత, ఈ రెండూ 1960లలో ఉన్నంతగా మళ్లీ కుదరలేదు. సినిమాకు సినిమాకూ నాణ్యతలో ఎగుడుదిగుళ్లు కనిపించడానికి ఇదే ముఖ్య కారణమని అనిపిస్తుంది.

ఇద్దరూ బయటికి కనిపించినంత దగ్గరగా లేరన్న విషయం 2009లో వచ్చిన 'ది బాయ్స్' డాక్యుమెంటరీతో లోకానికి తెలిసింది. దాన్ని తీసింది వారి కొడుకులే, ఇద్దరి నుంచీ ఒక్కొక్కరు. రాబర్ట్ అంతర్ముఖుడు, చిత్రలేఖనం చేసేవాడు. రిచర్డ్ నలుగురిలో కలిసిపోయేవాడు. దశాబ్దాల పాటు రోజూ కలిసి పనిచేసిన అన్నదమ్ముల కుటుంబాల మధ్య రాకపోకలు లేవు. 2002లో రాబర్ట్ లండన్‌కు వెళ్లిపోయాడు. పాటల్లో ఐకమత్యం పాడినవారు ఇలా ఉన్నారేమని ఆశ్చర్యపోవడం తేలిక. కలిసి రాయడానికి కలిసి భోంచేయడం షరతు కాదని ఈ జంట పని చూస్తే తెలుస్తుంది.

సినిమా పాటకు ఒక భద్రత ఉంది. ఒకసారి విడుదలయ్యాక దాన్ని సాధారణంగా ఎవరూ ముట్టుకోరు. పార్కు పాటకు అది లేదు. ప్రదర్శనకు డబ్బు పెట్టే కంపెనీ మారితే, లేదా దాని అవసరం మారితే పాటకూ స్థానచలనం తప్పదు. వరల్డ్స్ ఫెయిర్‌లోనే జనరల్ ఎలక్ట్రిక్ కోసం చేసిన 'కారోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్' ఇందుకు మంచి ఉదాహరణ. అందులో వేదికలు కదలవు. ప్రేక్షకులు కూర్చున్న ఆరు గదుల వలయమే వాటి చుట్టూ తిరుగుతుంది. ఒక వేదిక మీద 1890ల ఇల్లు, తర్వాత 1920లు, ఆ పైన 1940లు, చివరికి వర్తమానం. అన్ని గదులూ ఒకేసారి కదులుతాయి కాబట్టి అన్ని అంకాలూ ఒకే నిడివిలో ముగియాలి, గది తిరిగే ఆ కొద్ది సేపు ప్రేక్షకులను పట్టి ఉంచడానికి ఏదో ఒకటి కావాలి. ఆ ఖాళీని నింపడం పాట పని. రేపు ఎంతో గొప్పగా, అందంగా ఉండబోతుందని చెప్పే ఆ పాటను అన్నదమ్ములు వాల్ట్ డిస్నీ స్వభావాన్నే మనసులో పెట్టుకుని రాశారు. ప్రదర్శన గురించి తీసిన ప్రచార చిత్రంలో ఆయన వారి పక్కన నిలబడి గొంతు కలిపాడు కూడా.

ప్రదర్శన 1967లో కాలిఫోర్నియాకు, 1975లో ఫ్లోరిడాకు వెళ్లింది. ఫ్లోరిడాకు వెళ్లేటప్పుడు కంపెనీ కొత్త పాట అడిగింది. ఫ్రిజ్‌లు, బట్టల యంత్రాలు అమ్ముకునే సంస్థకు జనం రేపటి కోసం ఆగడం లాభించదు, ఇవాళే కొనాలి. అన్నదమ్ములే కూర్చుని, బతుకులో అన్నిటికన్నా మంచి సమయం ఇదేనని చెప్పే పాట రాసిచ్చారు. తాము రాసిన భవిష్యత్తును తామే రద్దు చేసుకున్నారన్నమాట. పనితనంలో కొత్త పాటకు వంక పెట్టలేము, ఖాళీ నిండింది, గది తిరిగింది. కానీ వేదికలు ఒక్కొక్కటిగా కాలంలో ముందుకు సాగుతుంటే, పాట మాత్రం ముందుకు చూడవద్దని చెప్పడంతో ప్రదర్శనకు ఉన్న ఒకే ఒక్క వాదన బలహీనపడింది. జనరల్ ఎలక్ట్రిక్ తప్పుకున్నాక, 1994లో పాత పాటను తిరిగి పెట్టారు.

అదే ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్కాట్‌లో 1983లో తెరిచిన ఊహాశక్తి ప్రదర్శనకు వీరు రాసిన 'వన్ లిటిల్ స్పార్క్' కథ దీనికి కొంచెం భిన్నం. ఫిగ్మెంట్ అనే ఊదారంగు బుల్లి డ్రాగన్‌కూ ఆ పాటకూ పిల్లలు బాగా అలవాటుపడ్డారు. 1999లో ప్రదర్శనను పూర్తిగా మార్చి తెరిచినప్పుడు డ్రాగన్‌ను దాదాపు తీసేశారు, పాటకూ చోటు లేకుండా చేశారు. సందర్శకుల నుంచి వచ్చిన వ్యతిరేకత ఎంతటిదంటే, రెండేళ్లకే దాన్ని మూసి మళ్లీ మార్చవలసి వచ్చింది. 2002లో తెరిచిన రూపంలో డ్రాగన్‌తోపాటు పాట కూడా తిరిగి వచ్చింది.